ఈగల గదిలో పటికముక్క

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి ఈగల గది తలుపు తీశాను. లోపల పన్నెండు గుడ్డ బోనులు వరసగా వేలాడుతున్నాయి. ఇసుక ఈగలు దోమల్లా పాడవు, ఎగిరినా చప్పుడుండదు. బతికున్నాయో లేదో తెలియాలంటే టార్చి వేయాలి. వెలుగు పడగానే గుడ్డ మీద చిన్న చిన్న గెంతులు గెంతుతాయి.

మొదటి బోను మీద టార్చి వేశాను. ఏదీ గెంతలేదు. రెండోది, మూడోది కూడా అంతే. పన్నెండోది చూడక్కర్లేదని తెలిసీ చూశాను.

ప్రతి బోను అడుగునా గోధుమరంగు పొట్టులాంటిది పరుచుకుని ఉంది. పంతొమ్మిది వందల ఈగలు. ఒక్కటి కూడా మిగల్లేదు.

నా పేరు కుబ్రా. చాద్ దేశంలో అబెషె మా ఊరు. ట్యూనిస్‌లో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఇసుక ఈగ కుడితే చర్మం మీద పుండు లేస్తుంది, మానినా మచ్చ పోదు. మా చెల్లి ఎడమ బుగ్గ మీద అలాంటి మచ్చ ఉంది. ఈగ తాగే చక్కెర నీళ్లలో ఒక ఎడారి మొక్క రసం కలిపితే, ఆ పుండు తెచ్చే పురుగు ఈగ కడుపులోనే చస్తుందని రెండుసార్లు చూపించాను. మూడోసారి కూడా చూపిస్తేనే డిగ్రీ. ఆ మూడో విడత శనివారం మొదలుపెట్టాలి. అందుకోసం ఉన్న పిల్లపురుగులన్నిటినీ రెక్కలొచ్చేదాకా పెంచేశాను. వెనక ఒక్క కుండ పిల్లపురుగులు కూడా దాచుకోలేదు.

కొత్త ఈగలు బయట దొరకాలంటే మే నెల రావాలి. పట్టినవి గుడ్లు పెట్టి, పిల్లలై, ఎగరడానికి ఇంకో రెండు నెలలు. నా స్కాలర్‌షిప్ జూన్ ముప్పైతో ఆగిపోతుంది. లెక్క అక్కడే తేలిపోయింది.

నేల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచేసరికి నా మనసులో ఒక పేరు మాత్రం గట్టిగా పడిపోయింది. వజ్దీ.

*

వజ్దీ నాతోపాటే ప్రొఫెసర్ రఫీకా దగ్గర పనిచేస్తాడు. దోమల్ని చంపే మందుల మీద అతని పని. పక్క గది నిండా అతని సీసాలే. ఈగల గదిలో సగం తన దోమలకి కావాలని రెండు నెలలుగా వెంటపడుతున్నాడు. బుధవారం అది తగువు దాకా వచ్చింది.

"జూన్‌లో పోయేదానివి, గదంతా నీకెందుకు? సగం ఇస్తే అరిగిపోతావా?"

"నా ఈగల జోలికి రాకు వజ్దీ. అవి బతికినా చచ్చినా నీకనవసరం."

"సరే మహారాణీ. రేపు అవి చచ్చినా నీకు చెప్పను. ముందు ఆ పొగబట్టలు మార్చు. ఆ కంపుకే సగం మూర్ఛపోతున్నాయి."

వరండాలో ఉన్న నలుగురూ నవ్వారు. మా ఆడవాళ్లం ఒంటికి చుట్టుకునే లఫాయి గుడ్డని సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టి కట్టుకుంటాం. ఈగల గదిలోకి వెళ్లేటప్పుడు నేను లఫాయి బయట విప్పి తెల్లకోటు వేసుకుంటాను. అతనికీ తెలుసు. తెలిసే అన్నాడు.

గురువారం నాకు విదేశీయుల పోలీసు కార్యాలయంలో పిలుపు. నివాస కార్డు గడువు దాటి ఐదు వారాలైంది. జేబులో చిరుగుపట్టిన రసీదు తప్ప ఏమీ లేకుండా మెట్రో ఎక్కుతున్నాను. ఎవరైనా గట్టిగా చూస్తే తర్వాతి స్టేషన్‌లో దిగిపోతున్నాను. ఆ పిలుపు తప్పితే మళ్లీ ఎప్పుడో.

కానీ మధ్యాహ్నంలోపు బోనుల మీది దూదిని చక్కెర నీళ్లతో తడపాలి. రంజాన్ కాబట్టి రెండింటికల్లా సంస్థ ఖాళీ. ఆ గదిలోకి వెళ్లడానికి అనుమతి ఉన్నది ముగ్గురికే. ప్రొఫెసర్ ఊళ్లో లేరు, మర్నాడు వస్తారు. వజ్దీని అడగడం కంటే ఈగల్ని పస్తుపెట్టడం నయమనిపించింది.

గురువారం పొద్దున్నే సంస్థకి వెళ్లేసరికి మెట్ల కింది చిన్న గదిలో హల్లూమా పిన్ని బకెట్లు సర్దుతోంది. మా అంతస్తు ఊడ్చేదీ తుడిచేదీ ఆమే. నేను ఈ ఊరొచ్చిన మొదటి వారం అందరూ నన్ను 'ఆ చాద్ పిల్ల' అంటుంటే, 'ఏం బిడ్డా, తిన్నావా' అన్నది ఆమె ఒక్కతే. అప్పటినుంచి పిన్నీ అనే పిలుస్తున్నాను. ఇఫ్తార్‌కి మల్లాసీన్ పేటలో వాళ్లింటికి ఎన్నిసార్లు తీసుకెళ్లిందో. మంచం పట్టిన వాళ్లాయనకి ఒక చేత్తో చోర్బా సూప్ తాగిస్తూ, ఇంకో చేత్తో నా పళ్లెంలో నూనెలో వేయించిన బ్రీక్ వేసేది.

"ఏంటే ఆ మొహం? ఉపవాసం నీకొక్కదానికేనా?" అంది.

ఏడుపొచ్చేసింది. కార్డు గురించీ, వజ్దీ గురించీ, నలుగురూ నవ్వడం గురించీ అంతా చెప్పేశాను.

"నాకెవరి దిష్టో తగిలింది పిన్నీ. ఏది ముట్టుకున్నా అడ్డం తిరుగుతోంది."

ఆమె నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. "దిష్టే. నాకెప్పుడో తెలుసు. పచ్చని కళ్లవాడు ఒకడు నీ పక్కనే తిరుగుతున్నాడు కదా."

వజ్దీ కళ్లు నిజంగానే ఆకుపచ్చ, ఇక్కడ అలాంటి కళ్ల దిష్టే చెడ్డదంటారు. నేను కన్నీళ్లలోనే నవ్వాను. తర్వాత నా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. అది నేరం. తాళంచెవి ఇంకొకరికి ఇవ్వకూడదు, లోపలికి వెళ్లినవాళ్లు గోడమీది పుస్తకంలో సంతకం చేయాలి. హల్లూమా పిన్నికి సంతకం రాదు.

"దూది తడిపితే చాలు. ఇంకేం ముట్టుకోకు."

"నాకు చెబుతున్నావా? నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని. నీ ఈగల్ని పెంచలేనా? పో, వరుసలో నిలబడు."

మధ్యాహ్నం రెండున్నరకి వరుసలోంచే ఫోన్ చేశాను. "అయింది బిడ్డా" అంది. "దూది తడిపాను. తాళంచెవి నా గదిలో బకెట్ కింద పెట్టాను, పొద్దున తీసుకో. మిగతాది పైవాడికి అప్పజెప్పాను. ఇవాళ రంజాన్ ఇరవై ఏడో రాత్రి, అడిగింది పైవాడు వినే రాత్రి. మంచి దువా చేసుకో."

*

శుక్రవారం పదకొండింటికి ప్రొఫెసర్ రఫీకా గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ విమానం దిగి తిన్నగా వచ్చారు. ముందు ఈగల గదిలోకి వెళ్లి, బోనులు చూసి, బయటికొచ్చారు. తర్వాత గోడమీది పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టారు.

"నిన్న ఒక్క సంతకమే ఉంది. ఒంటిగంటా పది. వజ్దీ."

వజ్దీ మొహంలో రంగు మారింది. "తేమ యంత్రం మోగుతుంటే వెళ్లాను మేడమ్. రెండు నిమిషాలున్నాను. అప్పటికే కొన్ని ఈగలు కిందపడి ఉన్నాయి."

"చూశావా?" నేను లేచి నిలబడ్డాను. "చూసి ఫోన్ కూడా చేయలేదా?"

"చచ్చినా బతికినా అనవసరం అన్నది నువ్వే కదా!"

"కూర్చో కుబ్రా. వజ్దీ, ఇంకేం చూశావు?"

"గది నిండా సాంబ్రాణి పొగ వాసన. కుబ్రా అప్పుడే వచ్చి వెళ్లిందనుకున్నాను. ఆమె బట్టల వాసనే అది. ఆమే లోపల ఏదో చేసుంటుంది."

నా ఒళ్లు మండిపోయింది. సంచిలోంచి పోలీసు కార్యాలయం టోకెన్ తీసి బల్లమీద పెట్టాను. పదిన్నరకి లోపలికి వెళ్లినట్టూ, మూడింటికి బయటికొచ్చినట్టూ రెండు ముద్రలు.

"మేడమ్, నేను నిన్న ఈగల గదిలో అడుగే పెట్టలేదు. లేని మనిషి వాసన ఇతనికెలా వచ్చింది? గదిలోకి వెళ్లింది ఇతను. మందులున్నది ఇతని దగ్గర. గది కావాల్సిందీ ఇతనికే."

ప్రొఫెసర్ టోకెన్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నాక్కూడా ఇందాక కొంచెం సాంబ్రాణి వాసన వచ్చింది. కానీ నువ్వు నా పక్కనే ఉన్నావు. ఇవాళ శుక్రవారం, నమాజ్‌కని పొగపట్టిన నీ బట్టలు..." అని ఆగి, వజ్దీ వైపు తిరిగారు. "నిన్న ఆమె పోలీసుల దగ్గర ఉంటే నువ్వు చెప్పేది అబద్ధం కదా?"

"ఒట్టు మేడమ్. వాసన వచ్చింది."

"ఈ నెలలో ఒట్టు పెట్టుకోకు."

సాయంత్రానికి వజ్దీని విచారణ పేరుతో సంస్థలోకి రావద్దన్నారు. నేను నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. తాళంచెవి సంగతి రాయలేదు. రాస్తే తప్పు నా మీదికి వస్తుంది, పిన్ని మీదికి వస్తుంది. దూది తడిపిన మనిషికీ ఈగల చావుకీ సంబంధమేంటని నాకు నేనే చెప్పుకున్నాను.

వెళ్లేముందు ప్రొఫెసర్ నన్ను ఆపారు. "ఎవరో కావాలని చేశారని తేలితే, నీ స్కాలర్‌షిప్ ఇంకో ఆరునెలలు పొడిగించమని మండలిని అడగొచ్చు. మేలో ఈగలు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టు. నీ అజాగ్రత్త అని తేలితే మాత్రం నేనేం చేయలేను. అది గుర్తుపెట్టుకో."

పొద్దుట నేలమీద కూర్చున్నప్పుడు మూసుకుపోయిన దారి ఒక వేలెడు తెరుచుకుంది. ఆ వేలెడు సందులోంచి నేను ఆరునెలల్నీ చూశాను.

*

ఈద్ గడిచింది. హల్లూమా పిన్ని కొడుకు చేత మక్రూద్ మిఠాయి డబ్బా పంపింది. ఎనిమిది తిన్నాను, ఏ రుచీ తెలియలేదు.

తర్వాతి సోమవారం గది శుభ్రం చేయడానికి వెళ్లాను. గోడలు, అరలు, బోనుల కొక్కేలు అన్నీ స్పిరిట్‌తో తుడవాలి. కింది అరని జరిపినప్పుడు దాని కాలి వెనక తెల్లగా ఏదో దొర్లింది.

అరచేతిలోకి తీసుకున్నాను. గాలి నింపినట్టు ఉబ్బి, తేలిగ్గా ఉంది. మధ్యలో గుండ్రటి గుంట, చుట్టూ రెప్పల్లా ముడతలు. పక్కన ఒకచోట మసి.

ఇక్కడి ఆడదానికైనా, మా ఊరి ఆడదానికైనా అదేంటో చెప్పక్కర్లేదు. నిప్పుల మీద వేసిన పటిక. దిష్టి తీసేటప్పుడు పటిక వేస్తే అది పొంగి ఎవరి కన్ను తగిలిందో ఆ కన్ను ఆకారం చూపిస్తుందంటారు. పటిక ఒక్కటే ఎవరూ వేయరు. సాంబ్రాణి, కొన్ని గింజలు, ఇంకేవో వేర్లు కలిపి గుప్పెళ్లతో వేస్తారు. మూసిన గదిలో వేస్తే మనుషులకే కళ్లు మండుతాయి.

ఈగ ఎంత? నా కనురెప్ప వెంట్రుక కంటే చిన్నది.

మెట్ల కింది గదికి ఎలా వెళ్లానో గుర్తులేదు. పిన్ని తుడుపుగుడ్డ పిండుతోంది. అరచెయ్యి చాచాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "దొరికిందా! నిప్పుల మీంచి టప్పున ఎగిరింది బిడ్డా. వంగి వంగి వెతికాను, కనబడలేదు. నీకు చెబితే తిడతావని ఊరుకున్నాను."

"పొగ వేశావా పిన్నీ? ఆ గదిలో?"

"వేయనా మరి? నువ్వలా ఏడుస్తుంటే! పెరట్లో కుంపటి రాజేసి తెచ్చాను. ఒక్కో బోను చుట్టూ ఏడుసార్లు తిప్పాను. తలుపు మూసి అరగంట ఉంచాను, లేకపోతే చెడు మళ్లీ లోపలికే వస్తుంది. పటిక ఎలా పొంగిందో చూడు. అచ్చం వాడి కన్ను."

పటికమీది మసి నా వేళ్లకి అంటుకుంది.

"మందు పనిచేసిందా లేదా?" ఆమె గొంతు తగ్గించింది. "మర్నాడే వాడు బయటపడ్డాడు. నీ మీద పడాల్సిన దెబ్బ పాపం ఆ ఈగల మీద పడింది. పోతే పోయాయి ఈగలు, నువ్వు మిగిలావు. ఈ శుక్రవారం నా కాగితం కూడా వస్తోంది. తొమ్మిదేళ్లు కాంట్రాక్టరు కింద అరిగిపోయాను. ఇక సంస్థ మనిషిని. ఆయన మందులు సంస్థే ఇస్తుంది. అంతా ఆ ఇరవై ఏడో రాత్రి చలవ."

తడి చేతుల్ని ఒంటికి తుడుచుకుని నా తల నిమిరింది. నేను పటికముక్కని గుప్పెట్లో మూసేశాను.

*

మంగళవారం వజ్దీకి అసిస్టెంటు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. ట్యూనిస్‌లో మా శాఖలో మూడేళ్లకోసారి ఒక్క ఖాళీ వస్తుంది. విచారణలో ఉన్నవాణ్ని లోపలికి పిలవరు. సోమవారం సాయంత్రం నేను ప్రొఫెసర్‌కి ఒక్క ఫోన్ చేసి ఉంటే పిలిచేవారు.

చేయలేదు. పిన్ని కాగితం శుక్రవారం వస్తుంది కదా, అప్పటిదాకా ఆగుదామనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న మాట. దాని కింద ఇంకో మాట ఉంది. మేలో ఈగలు పట్టాలి, జూలైకి రెక్కలొస్తాయి, డిసెంబరుకి డిగ్రీ. మంగళవారం పొద్దంతా ఆ నెలలే లెక్కపెట్టుకుంటూ నా గదిలో మంచం మీద గోడకి తిరిగి పడుకున్నాను. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. ఒంటిగంటకి లేచి మొహం కడుక్కున్నాను. అద్దంలో చూసుకోలేదు.

బుధవారం ప్రొఫెసర్ పిలిచారు. బల్ల మీద ఒక కాగితం, పెన్ను.

"మండలి ఒప్పుకుంది. ఆరునెలల పొడిగింపు" అన్నారు. నేనేమీ అనకముందే కాగితాన్ని నావైపు జరిపారు. "అయితే సంస్థ ఆస్తికి నష్టం జరిగింది కాబట్టి పోలీసులకి ఇవ్వాలి. వజ్దీ మీద కేసు. నువ్వు చూసిందీ, అనుమానించిందీ ఇందులో ఉంది. కింద సంతకం చెయ్యి."

చదివాను. నా నాలుగు పేజీలే, కుదించి రాశారు. 'విషం', 'ఉద్దేశపూర్వకంగా' అనే మాటలు కొత్తగా వచ్చి చేరాయి. పోలీసు అనే మాట చూడగానే నాకు వరుసలో నిలబడ్డ గురువారం గుర్తొచ్చింది. అద్దం వెనక మనిషి తల ఎత్తకుండా 'నెక్స్ట్' అనడం గుర్తొచ్చింది. అక్కడ వజ్దీ నిలబడి, 'ఒట్టు, వాసన వచ్చింది' అంటాడు. నిజం చెబుతూనే ఉంటాడు.

పెన్ను తీసుకున్నాను. కాగితం తిరగేశాను.

"ఏం చేస్తున్నావు?"

"వజ్దీ అబద్ధం చెప్పలేదు మేడమ్. ఆ రోజు గదిలో సాంబ్రాణి పొగ ఉంది. నేనే వేశాను."

ప్రొఫెసర్ కళ్లజోడు తీశారు. "పదిన్నరకి పోలీసుల దగ్గరున్నావు."

"ఎనిమిదింటికే ఇక్కడికి వచ్చాను. పుస్తకంలో సంతకం చేయలేదు. ఇరవై ఏడో రాత్రి ముందు మా ఊళ్లో దిష్టి తీస్తాం. ఈగలకి తీశాను. తలుపు మూసి వెళ్లిపోయాను."

ఇది నమ్మరు అనుకున్నాను. నాలుగేళ్లు ఆవిడ పక్కన కూర్చుని ఈగ గొంతులో సూది గుచ్చడం నేర్చుకున్నదాన్ని. పొగ, సెంటు, స్ప్రే తేవద్దని ఆ గది తలుపు మీద కాగితం రాసి అంటించిందే నేను. అలాంటిదాన్ని కుంపటి పట్టుకుని ఈగల చుట్టూ తిరిగానంటే, 'నోర్ముయ్, అసలు సంగతి చెప్పు' అంటారనుకున్నాను. ఒక్కసారి అలా అని ఉంటే మొత్తం చెప్పేసేదాన్నేమో.

ఆవిడ తల ఊపారు. నిదానంగా, ఎప్పటినుంచో తెలిసిన సంగతి మళ్లీ విన్నట్టు.

"నాకు అనుమానం ఉంటూనే ఉంది" అన్నారు. "మీ వాళ్లకి ఈ అలవాట్లు ఎంత చదివినా పోవు. పాపం, నీ తప్పనను. రాసి సంతకం చెయ్యి."

రాశాను. ఐదు లైన్లు పట్టింది.

*

మర్నాడు వజ్దీని వెనక్కి పిలిచారు. వరండాలో ఎదురుపడ్డాడు. గడ్డం పెరిగింది. తిడతాడనుకున్నాను.

"చెప్పాను కదా" అన్నాడు. "వాసన వచ్చిందని చెప్పాను కదా కుబ్రా. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇంటర్వ్యూ..."

"బయట కూర్చున్నాను. విచారణ అయిపోతుందేమో, ఎవరైనా ఫోన్ చేస్తారేమో అని. నా పేరు రాగానే దాటేసి తర్వాతి పేరు పిలిచారు." పచ్చని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వే చేసి నా మీద నాలుగు పేజీలు రాశావా? నాలుగు పేజీలు రాయడానికి ఏం దొరికింది నీకు?"

ఉన్న జవాబు చెప్పకూడదు.

"గది మొత్తం నాకిచ్చారు" అన్నాడు వెళ్తూ వెళ్తూ. "ఏం చేసుకోను దాన్ని?"

మధ్యాహ్నానికి అంతస్తంతా పాకిపోయింది. చాద్ పిల్ల సాంబ్రాణి పొగ వేసి తన ఈగల్ని తనే చంపుకుందట. కొందరు నవ్వారు. మెట్లు దిగుతుంటే కింది గది తలుపు సగం తెరుచుకుంది. హల్లూమా పిన్ని నా చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపేసింది.

"ఏంటే వాళ్లనేది? పొగకి ఈగలు చస్తాయా?"

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. "చస్తాయి పిన్నీ."

"దిష్టికి కాదా? పొగకేనా?"

"పొగకే."

తిరగేసిన బకెట్ మీద కూర్చుండిపోయింది. తుడుపుగుడ్డని ఒళ్లో పెట్టుకుని అడిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"తలుపు మీద రాసి ఉంది..."

అన్నాక నాలుక కరుచుకున్నాను.

"ఆ కాగితమా" అంది. "నాలుగేళ్లుగా రోజూ దాని మీద దుమ్ము తుడిచాను. మీ అందరిలో ఒక్కరైనా, అందులో ఏముందో చెప్పారా నాకు? నువ్వు చెప్పావా?"

చెప్పలేదు. ఆమె ఇంట్లో అన్నం తిన్నాను, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను, తాళంచెవి కూడా ఇచ్చాను. ఆ కాగితంలో మూడు మాటలున్నాయి. చదివి వినిపించాలని నాకెప్పుడూ తోచలేదు. ఆమె లోపలికి రాదు కదా అనుకున్నాను.

ఆమె లేచింది. "నేను వెళ్లి ప్రొఫెసరమ్మకి చెప్పనా? చేసింది నేనేనని?"

నోరు అడిగింది కానీ చెయ్యి తలుపు గడియ మీదికి వెళ్లలేదు. తలగుడ్డ అంచుని వేళ్లకి చుట్టుకుంటూ నావైపు చూస్తోంది. ఆ చూపులో మంచం మీది మనిషి ఉన్నాడు, రేపు రాబోయే కాగితం ఉంది. ఆమెకి ఏ జవాబు కావాలో నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆమెకీ తెలిసింది.

"వద్దు పిన్నీ. ఇక చెప్పినా నాకేం రాదు."

"వద్దా?"

"వద్దు."

ఊపిరి వదిలింది. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం. వెంటనే ఆమె సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకుంది. నేను భుజం మీద చెయ్యి వేస్తే పక్కకి జరిగింది.

*

పీహెచ్‌డీ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. జూన్ దాకా కూడా ఉంచలేదు. రెండు వారాల్లో ఖాళీ చేయమన్నారు. రెండు విడతల ఫలితాలు సంస్థవి కాబట్టి నోటుపుస్తకాలు అప్పగించాను. ఆ మొక్క రసం సంగతి ఇంకెవరైనా మూడోసారి చేస్తారో, అలమరాలోనే ఉండిపోతుందో తెలియదు. చెల్లికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. "అయిపోయిందా చదువు? డాక్టరమ్మా!" అని అరిచింది. లైను సరిగ్గా లేదన్నాను.

ఆఖరి రోజు పొద్దున ఫోన్‌కి సందేశం వచ్చింది. నా నివాస కార్డు సిద్ధంగా ఉంది, ఏడాదిపాటు చెల్లుతుంది, పని వేళల్లో వచ్చి తీసుకోవచ్చు. ఆ కార్డు కోసమే ఆ గురువారం వరుసలో నాలుగున్నర గంటలు నిలబడ్డాను. సందేశం రెండుసార్లు చదివి తీసేశాను.

సంస్థలో ఇవ్వాల్సినవి రెండే మిగిలాయి. తెల్లకోటు, తాళంచెవి. పై అంతస్తులో ఇచ్చేసి కిందికి దిగాను. వరండా ఆ చివర హల్లూమా పిన్ని నేల తుడుస్తోంది. కొత్త నీలం కోటు, జేబు మీద సంస్థ పేరు కుట్టి ఉంది. ఆ కోటు ఆమెకి పెద్దదైంది, చేతులు రెండు మడతలు మడిచింది.

నన్ను చూసింది. గుడ్డ ఆగింది. 'పిన్నీ' అనబోయాను. జేబులో పటికముక్క ఉంది, అది తిరిగి ఇచ్చేద్దామా, చూపించి ఏదైనా అందామా అని రెండడుగులు ముందుకి వేశాను.

ఆమె బకెట్‌ని గోడవైపుకి లాక్కుని దారి ఇచ్చింది. తల ఎత్తలేదు.

"నేల తడిగా ఉంది" అంది. "చూసుకుని వెళ్లండి మేడమ్."